నత్తమ్మ మేడలో అద్దెకున్నవాళ్లు

మార్చి 3, సోమవారం

మా ఆవిడ శనివారం సాయంత్రం వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. వదినగారికి మోకాలి నొప్పి. అక్కకు మోకాలు నొప్పి చేస్తే చెల్లెలు వెళ్లదా? వెళ్తుంది. ఇందులో ఎవరూ ఏమీ అనుకోవాల్సింది లేదు. వెళ్తూ వెళ్తూ దిండు కూడా పట్టుకెళ్లింది, అంతే. కొందరికి దిండు మారితే నిద్ర పట్టదు.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. ఇది సబ్బుల కంపెనీవాళ్లు ఇచ్చింది, రెండేళ్లుగా మంచం కోడు కింద ఎత్తుగా పడి ఉంది. ఇప్పుడు మంచం కదులుతోంది గానీ, ఒక్కడినే కాబట్టి ఫర్వాలేదు.

శనివారం సంగతి ఒక్కసారి రాసి వదిలేస్తాను. మా ఇంట్లో టీవీకి తగిలించి ఆడే ఆట ఒకటుంది. పేరు నత్తమ్మ మేడ. ఒక నత్త వీపు మీద మేడ మోసుకుంటూ ఊళ్లు తిరుగుతుంది. దారిలో కనిపించిన పురుగూ పుట్రా ఆ మేడలో అద్దెకు దిగుతాయి. గది కారితే ఖాళీ చేసి పోతాయి, నత్త తొందరపడితే కళ్లు తిరిగి దిగిపోతాయి. అంతే ఆట. మా ఆవిడ సిటీ బస్సు నడుపుతుంది. రోజంతా బస్సులో జనాన్ని మోసి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, మళ్లీ నత్త మీద జనాన్ని మోసేది. మూడేళ్లలో మూడు వందల పన్నెండు మందిని చేర్చింది. శనివారం మధ్యాహ్నం ఆవిడ డ్యూటీలో ఉండగా కరెంటు పోయింది. వచ్చి చూసుకునేసరికి మేడ ఖాళీ. మూడు వందల పన్నెండు మందీ మాయం. కరెంటు పోతే నేనేం చేస్తాను? కరెంటాఫీసు నా మేనమామదా?

అదే చెప్పాను. ఆవిడ వంటగదిలోకి వెళ్లి ఓవెన్ మీద అంకెల గడియారం చూసింది. తిరిగి వచ్చి నన్ను చూసింది. తర్వాత వదినగారి మోకాలు గుర్తొచ్చినట్టుంది.

మార్చి 4, మంగళవారం

వదినగారి ఇల్లు రెండు వీధుల అవతలే. పొద్దున అటుగా వెళ్తే, ఆవిడ నిచ్చెనెక్కి కిటికీ అద్దాలు తుడుస్తోంది. మోకాలి నొప్పికి నిచ్చెన ఎక్కడం మంచిదేమో.

మార్చి 5, బుధవారం

నా పని మరకలు తీయడం. ఇరవై రెండేళ్లుగా అదే లాండ్రీ. ఇస్త్రీ బల్ల దగ్గర పెద్దాయన, కుళాయి దగ్గర నేను. సిరా, తుప్పు, గ్రీజు, లిప్‌స్టిక్, ఏది దేనికి లొంగుతుందో వేలితో తాకి చెప్పగలను. పెద్దాయన నన్ను మరకలయ్యా అని పిలుస్తాడు. అసలు పేరు మర్చిపోయాడని నా అనుమానం.

మా ఆవిడ బస్సు లాండ్రీ ముందు నుంచే రోజుకు నాలుగుసార్లు వెళ్తుంది. మొదటి ట్రిప్పు తొమ్మిదీ పదికి. ఇదివరకు ఒకసారి హారన్ కొట్టేది. ఇవాళ తిన్నగా ముందుకు చూస్తూ వెళ్లిపోయింది. డ్రైవర్లు ముందుకే చూడాలి. అది రూలు.

అటు చూస్తూ ఉండిపోయి బ్లీచ్ సీసా ఒంచేశాను. నా నల్ల చొక్కా మీద ధారగా పడింది. చూస్తుండగానే నలుపు పోయి ఇటుక రంగు తేలింది. ఇరవై రెండేళ్లలో నా చేతుల్లో జరిగిన మొదటి ప్రమాదం. చొక్కా విప్పి అటూ ఇటూ తిప్పి చూస్తే అచ్చం నత్త కొమ్ములా ఉంది.

అప్పుడు తట్టింది. పోయినవాళ్లను టీవీలోకి తేలేను, చొక్కాల మీదికి తేగలను.

మార్చి 6, గురువారం

బొమ్మ అచ్చు వేసే స్టెన్సిల్‌కి గట్టి ప్లాస్టిక్ కావాలి. బీరువాలో నా ఛాతీ ఎక్స్‌రే దొరికింది. ఊపిరితిత్తుల మీద నత్త బొమ్మ గీసి బ్లేడుతో కోశాను. కంటి చుట్టూ కోస్తే కన్ను ఊడి కింద పడుతుందని కోశాకే తెలిసింది. కన్ను నిలవాలంటే పక్కన సన్నటి వంతెన ఒకటి కోయకుండా వదలాలి. సరే, గుడ్డి నత్త అనుకుని చొక్కా మీద పరిచి బ్లీచ్ చల్లాను. చొక్కా లోపల అట్ట పెట్టాలని కూడా తర్వాతే తెలిసింది. మందు అటువైపుకి దిగింది. ముందూ నత్తే, వెనకా నత్తే. కడగడం ఆలస్యం చేశాను, పొట్ట దగ్గర చిరుగు.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది అంటారు. నాది కోతి కూడా కాలేదు.

మార్చి 8, శనివారం

వచ్చేసింది పట్టు. కన్నుకు వంతెన, లోపల అట్ట, మందు చల్లడం కాదు, స్పాంజితో తట్టడం. రంగు తేలుతుండగా లెక్కపెట్టుకుంటూ కూర్చుని, ముప్పైకి నీళ్లలో ముంచడం. ఈ రెండు రోజుల్లో ఆరు చొక్కాలు. అన్నీ నావే. సోమవారం వేసుకోవడానికి పురుగు లేని చొక్కా ఇంట్లో ఒక్కటే ఉంది.

అద్దెకున్నవాళ్లందరికీ ఆవిడ తెలిసినవాళ్ల పేర్లే పెట్టుకుంది. వదినగారు గొల్లభామ, మూడో అంతస్తు. ఇస్త్రీ పెద్దాయన పేడపురుగు, రెండో అంతస్తు. ఆవిడ బస్సులో కండక్టరమ్మాయి చీమ, మెట్ల పక్క గది. వీధి చివర సైకిల్ రిపేరతను, మూడో తరగతిలో పాఠం చెప్పిన టీచరు, పళ్ల డాక్టరు. పళ్ల డాక్టరుకు ఏకంగా బాల్కనీ ఉన్న గది! ఏడాదికొకసారి మనం నోరు తెరిచి చూపించే మనిషికి! అందరూ ఉన్నారు. సరే, అది వేరే సంగతి.

ఎంత గింజుకున్నా పదకొండు మంది తప్ప గుర్తుకు రావడం లేదు. మూడేళ్లు పక్కనే కూర్చుని ఏం చూశానో.

మార్చి 9, ఆదివారం

గొల్లభామ చొక్కా తీసుకుని వదినగారింటికి వెళ్లాను. ఆవిడే తలుపు తీసింది. మా ఆవిడ వంటగదిలో ఉంది. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నేను మాట్లాడితే ఆగుతోంది, ఆపితే మొదలవుతోంది.

"మీ మోకాలు ఎలా ఉంది వదినగారూ?"

"ఏ మోకాలు?" అంది. వెంటనే సర్దుకుని, "ఆ, ఉంది. ఉండాల్సిన చోటే ఉంది. ఏంటి మరిదిగారూ, కరెంటు పోయిందటగా మీ ఇంట్లో?"

"పోయిందండీ."

"మాకు పోలేదే! ఉన్నది రెండు వీధులేగా."

"మాది వేరే లైను."

"అవునా? కరెంటు పోతే ఓవెన్ గడియారం సున్నాలు కొట్టుకోవాలట కదా. చెల్లి చూసేసరికి టైము టంచనుగా ఉందట. మీ ఓవెన్ మాత్రం వేరే లైనేమో."

వదినగారి నోట్లో నువ్వుగింజ నానదు. నేను చొక్కా ఇచ్చాను. గొల్లభామ ఎవరో చెప్పాను. నన్ను పురుగును చేశారా అని మండిపడుతుందనుకున్నాను. ఆవిడ చొక్కా మీదేసుకుని అద్దం ముందు నిలబడి, "మూడో అంతస్తా? నా పైన ఎవరున్నారు?" అంది.

"పళ్ల డాక్టరండీ."

"పళ్ల డాక్టరా? నాకంటే పైనా? ఏమే, ఇదేం న్యాయం!" అని వంటగదిలోకి కేకేసింది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను చాలాసేపు కూర్చున్నాను. వంటగదిలోంచి ఎవరూ రాలేదు.

చొక్కా మాత్రం వదినగారు ఉంచేసుకుంది.

మార్చి 10, సోమవారం

కరెంటు పోయిందన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఆ వారంలో పోయింది. మంగళవారం, ఐదు నిమిషాలు.

మార్చి 12, బుధవారం

చొక్కాలతో ఆగలేదు. అగ్గిపెట్టెలు అతికించి నాలుగంతస్తుల మేడ కట్టాను. మట్టితో సైకిల్ రిపేరతణ్ణి చేసి ఓవెన్‌లో కాల్చాను. మిడత కావాల్సింది, కాళ్లు విరిగి బఠాణీ గింజ అయింది. దాన్ని మేడ ముందు బెంచీ మీద పడుకోబెట్టాను. గుర్తురానివాళ్లకు బదులు పాత కోటు గుండీలతో లేడీబర్డులు పదిహేను. దిండు గలీబు మీద తేలు. దాని మీదే పడుకుంటున్నాను. ఆ దిండు నాదే. ఆవిడది ఆవిడ దగ్గరుంది.

లాండ్రీలో సంగతి బయటపడింది. పెద్దాయన నా సంచీ తీసి చూశాడు.

"ఏంట్రా మరకలయ్యా, పగలంతా తీసే మరకలు చాలక ఇంటికెళ్లి వేస్తున్నావా?"

"మరకలు కాదు బాబాయ్, అద్దెకున్నవాళ్లు."

అంతా చెప్పాను. కరెంటు దగ్గర మాత్రం కొంచెం గట్టిగా చెప్పాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా వంక అదోలా చూశాడు.

"నేనూ ఉన్నానా అందులో?"

"ఉన్నావు. పేడపురుగు. రెండో అంతస్తు."

ఆయన కళ్లు మెరిశాయి. "కష్టజీవి అది! నీ పెళ్లాం మనిషిని బాగానే చదివింది. నాకూ ఒకటెయ్యి. ఉండ పెద్దగా ఉండాలి." ఇస్త్రీపెట్టె మళ్లీ అందుకుంటూ, "మరి నువ్వేంటి అందులో?" అన్నాడు.

గ్రీజు మరక ఒకటి నానుతోందని చెప్పి లోపలికి వచ్చేశాను.

మార్చి 13, గురువారం

ఆ శనివారం ఆట దగ్గర బొటనవేలు జారింది. అంతే జరిగింది. మనుషులకు వేళ్లు జారవా?

మార్చి 14, శుక్రవారం

బస్సు డిపో యూనిఫారాలు వచ్చాయి. నెలకోసారి నలభై నీలం చొక్కాలు ఒకే మూటలో వస్తాయి. ప్రతిదానికీ కాలరు దగ్గర గుడ్డపీలిక మీద నంబరు రాసి పిన్నుతో గుచ్చుతాం. ఆవిడ నంబరు ఇరవై ఏడు. చేతిలోకి తీసుకుని కాసేపు నిలబడ్డాను. మంచి కాటన్. బ్లీచ్ అందంగా తాగుతుంది.

కాలరు లోపల, ఎవరికీ కనపడని చోట, కందిగింజంత నత్త వేద్దామనుకున్నాను. తొడుక్కునేటప్పుడు ఆవిడ ఒక్కతికే కనిపించాలి. అంత చిన్న స్టెన్సిల్ కోయడం ఎవరి తరం? కందిగింజ కాస్తా రేగుపండైంది, రేగుపండు నిమ్మకాయైంది. చివరికి జానెడు నత్త, వీపు నడిమధ్యన, మేడతో సహా. రెండు కన్నులకూ రెండు వంతెనలు, నాలుగంతస్తులకూ కిటికీలు. నా చేతి నుంచి ఇంత బాగా ఏదీ రాలేదు. లేత ఇటుక రంగు తేలుతుంటే చూస్తూ కూర్చోవాలనిపించింది.

మందు పడితే నంబరు సిరా చెరిగిపోతుందని ముందే పీలిక తీసి పక్కన పెట్టాను. ఇరవై రెండేళ్ల అలవాటు. ఆరాక మళ్లీ గుచ్చేశాను.

మార్చి 15, శనివారం

మూట డిపోకు వెళ్లిపోయింది. పొద్దున్నుంచీ ఆకలి లేదు.

మార్చి 17, సోమవారం

తొమ్మిదీ పదికి గుమ్మంలోనే నిలబడ్డాను. బస్సు వచ్చింది, వెళ్లింది. ఆవిడ వీపు సీటుకి ఆని ఉంది. డ్రైవరు వీపు సీటుకి ఆని ఉంటుందన్న ముక్క నాకెందుకు తట్టలేదో దేవుడికెరుక.

పదకొండింటికి ఎదుటి స్టాపులో జనం గుమిగూడారు. డిపో మేనేజరు బస్సుల టైములు చూసుకోవడానికి వచ్చాడట. అటు తిరిగి గోడ మీద పట్టీ చదువుతున్నాడు. వీపు మీద నత్త. జానెడు. మేడతో సహా.

పెద్దాయన ఇస్త్రీపెట్టె గుడ్డ మీదే వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు. "ఒరేయ్, అది మన నత్తే కదూ?"

మేనేజరు పొట్టి మనిషి. ఆయన యూనిఫారమూ ఆ మూటలోదే, ఆయనదీ మా ఆవిడదీ ఒకటే సైజు. ఆ రోజు బల్ల మీద పక్కపక్కన రెండు చొక్కాలున్న మాట నిజం. రెండింటి పీలికలూ తీసిన మాట కూడా నిజమేమో. పెద్దాయన ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడుతోందని వాసనను బట్టి నాకే ముందు తెలిసింది.

మార్చి 18, మంగళవారం

ఊరంతా ఇదే మాట. బస్సులు టైముకు రావని ఇరవై ఏళ్లుగా జనం మొత్తుకుంటున్నారు. డిపోవాళ్లు ఇరవై ఏళ్లుగా టైముకే వస్తున్నాయంటున్నారు. ఇప్పుడు సాక్షాత్తూ మేనేజరే వీపు మీద నత్తను వేసుకుని తిరుగుతుంటే జనం మనసు కరిగిపోయింది. నిన్న నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చిన బస్సుకు చప్పట్లు కొట్టారట.

"ఒప్పుకున్నాడయ్యా మహానుభావుడు. ఒప్పుకునేవాణ్ణి ఏమంటాం?" అని సైకిల్ రిపేరతను లాండ్రీలో నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఆ మాట నాకెందుకో గుచ్చుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనెందుకు ఉలిక్కిపడాలి?

మేనేజరుకు మాత్రం ఇంకా తెలియదు. అందరూ నవ్వుతూ నమస్కారాలు పెడుతుంటే తన మంచితనం అనుకుంటున్నాడు. ఇవాళ అదే చొక్కా వేసుకొచ్చాడు. చేతులు కూడా ఊపాడు.

మార్చి 19, బుధవారం

తెలిసిపోయింది. ఇంట్లో ఆయన భార్య చొక్కా దండెం మీద వేస్తూ చూసిందట.

మధ్యాహ్నం కండక్టరమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. మా ఆవిణ్ణి అక్కా అని, నన్ను బావగారూ అని పిలుస్తుంది.

"బావగారూ, కొంప మునిగింది. అక్క టిఫిన్ డబ్బా మీద నత్త, తాళంచెవికి నత్త. డిపోలో నత్త అంటే అక్కే గుర్తొస్తుంది. మేనేజరు గారు అక్కకు మెమో ఇచ్చారు. శుక్రవారం విచారణట. అందాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. తప్పు రుజువైతే ఇక ఎప్పటికీ ముట్టుకోనివ్వరట."

"అక్క ఏమంది?"

"ఏమీ అనలేదు. నేను చేయలేదు అని ఒక్క ముక్క రాసిచ్చింది. ఎవరు చేశారో తెలుసా అని అడిగితే, చెప్పాల్సినవాళ్లు చెప్తారు అంది. మీకేమైనా తెలుసా బావగారూ?"

"బ్లీచ్ సీసా కారి ఉంటుంది," అన్నాను. నా నోరే అంది. నేను అనాలనుకోలేదు.

మార్చి 20, గురువారం

తొమ్మిదీ పదికి వచ్చిన బస్సును ఎవరో మీసాలాయన నడిపాడు. నాకు భయమేసింది. ఆవిడ నా వంక చూడకుండా వెళ్లినా, వెళ్తోంది కదా అని ఇన్నాళ్లూ బతికాను. అది ఇవాళే తెలిసింది. బస్సు నడపడం ఆవిడకు ఉత్త ఉద్యోగం కాదు, ప్రాణం. పద్నాలుగేళ్లుగా ఒక్క మనిషికి గీరుడు తగలకుండా నడిపింది. నా వల్ల అదీ పోతే?

రేపటికి వాంగ్మూలం తయారు చేసుకున్నాను. "సీసా మూత వదులై, మందు దానంతట అదే కారి, చొక్కా మీద పడి, ఆ ఆకారం వచ్చినది." ఐదుసార్లు చదువుకున్నాను. మూడోసారికి నేనే నమ్మాను.

మార్చి 21, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

డిపోలో మేనేజరు గది. బల్ల మీద సాక్ష్యంగా చొక్కా, వీపు పైకి. ఒక పక్క టైపు చేసే గుమాస్తా, ఒక పక్క బెంచీ మీద మా ఆవిడ, పక్కన కండక్టరమ్మాయి. నేను లాండ్రీ తరఫున నిలబడ్డాను. మూడు వారాల తర్వాత ఆవిణ్ణి అంత దగ్గరగా చూశాను. కాస్త చిక్కింది.

కాగితం తీసి చదివాను. సీసా, మూత, దానంతట అదే. మేనేజరు చొక్కా నా ముందుకు జరిపాడు.

"కారిందా?"

"కారింది సార్."

"కొమ్ములు రెండూ కారాయా?"

"ఆ... అవి కూడా."

"కిటికీలు? నాలుగంతస్తులకూ లెక్కగా ఎనిమిది కిటికీలు కారాయా? ఇదేం సీసానయ్యా, మేస్త్రీనా?"

గుమాస్తా టైపు చేయడం ఆపి నవ్వు ఆపుకున్నాడు. నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ నన్నే చూస్తోంది. కోపంగా కాదు. ఆ రోజు ఓవెన్ దగ్గర నుంచి వచ్చి చూసిన చూపే. ఏదో అడిగి, జవాబు కోసం ఆగినట్టు. ఆ చూపు ముందు ఇంకో అబద్ధం నా నోట్లోంచి రాలేదు.

"నేనే వేశాను సార్. కావాలనే వేశాను. మా ఆవిడ చొక్కా అనుకుని వేశాను. పీలికలు తారుమారయ్యాయి. ఆవిడకేమీ తెలియదు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మరకలు తీయడంలో నిన్ను మించినవాడు లేడట కదా. సాయంత్రానికల్లా తీసెయ్. ఇంతటితో వదిలేస్తాను."

"తీయలేను సార్. మరకైతే తీసేవాణ్ణి. మరకంటే ఉన్నది. అక్కడ ఏమీ లేదు, రంగు పోయింది. పోయినదాన్ని ఎలా తీస్తాను?"  అసలు చెప్పాల్సింది అది కాదని అప్పుడు తెలిసింది. "కరెంటు పోలేదు సార్."

"ఏ కరెంటు?"

"మా ఇంట్లో కరెంటు. ఫిబ్రవరి ఆఖర్న మంగళవారం పోయింది, ఐదు నిమిషాలు. మార్చి ఒకటిన పోలేదు. వేలు కూడా జారలేదు. మేడ చెరిపేయాలా అని టీవీ తెర అడిగింది. అవునని నొక్కాను. నిజంగానా అని మళ్లీ అడిగింది. మళ్లీ అవునని నొక్కాను. మూడు వందల పన్నెండు మంది సార్."

గుమాస్తా కంగారుగా, "ఇది టైపు చేయాలా సార్? ఎవరు చచ్చిపోయారు?" అన్నాడు.

కండక్టరమ్మాయి లేచి ఆట సంగతంతా చెప్పింది. తను చీమనని, మెట్ల పక్క గదని గర్వంగా చెప్పింది. మేనేజరు చొక్కా మీది కిటికీలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. తర్వాత గొంతు సవరించుకుని మా ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, ఇది విచారణకు సంబంధించింది కాదు. ఊరికే అడుగుతున్నాను. నేనూ ఉండేవాణ్ణా అందులో?"

"ఉండేవారు సార్. నేలమాళిగలో."

"ఏ పురుగు?"

"జెర్రి."

ఆయన ముఖం వాడిపోయింది.

"గది పెద్దదే సార్," అంది ఆవిడ. "కాళ్లు ఎక్కువ కదా, చెప్పులు పెట్టుకోవడానికి చోటు కావాలని."

ఆయన కొంచెం తేరుకున్నాడు. మళ్లీ నా మీద పడ్డాడు. "అంతమంది కాపురాలు కూల్చడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా? కారణమేంటి?"

ఇది డైరీలో కూడా రాయలేదు. పెద్దాయన అడిగితే పారిపోయాను. అక్కడ, డిపో గదిలో, టైపు మిషను ముందు చెప్పాను.

"ఆ రోజు ఒక్కో అంతస్తూ వెతికాను సార్. ఒక్కో తలుపూ కొట్టి చూశాను. అందరూ ఉన్నారు. పళ్ల డాక్టరుకు బాల్కనీ కూడా ఉంది. నేను లేను. మూడు వందల పన్నెండు మందిలో నేను లేను."

 గుమాస్తా అది టైపు చేశాడు. నేను లేను అని రెండుసార్లు కొట్టాలా ఒకసారి చాలా అని కూడా అడగలేదు.

మెమో రద్దయింది. పన్నెండున్నర ట్రిప్పు నుంచి ఆవిడ డ్యూటీ ఎక్కొచ్చు. మూడు రోజులుగా ఫిర్యాదుల పెట్టెలో ఒక్క కాగితం పడలేదని గుమాస్తా గుర్తుచేశాడు. మేనేజరు చొక్కా మడత పెట్టి తన సొరుగులో పెట్టుకున్నాడు. మేడ మళ్లీ కట్టేటప్పుడు తనకు కిటికీ ఉన్న గది పరిశీలించవలసినదిగా ఆఖరి పేజీలో రాయించి, కింద సంతకం చేశాడు.

బయట స్టాపులో నిలబడ్డాను. పన్నెండున్నర బస్సు వచ్చింది. ఆపింది. ఎక్కాను. ఆవిడ సీటు వెనకే కూర్చున్నాను. డ్రైవరుతో మాట్లాడరాదు అని నా ముక్కు ముందే బోర్డుంది. రెండు స్టాపుల దాకా బోర్డుకు కట్టుబడ్డాను.

ఆవిడే మొదలుపెట్టింది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"రెండోసారి అడిగినప్పుడు కూడా అవునన్నారా?"

"అన్నాను."

"నొక్కారని ఆ రోజే తెలుసు. కోపమొచ్చింది, పోయింది కూడా. ఆట మళ్లీ ఆడుకోవచ్చు. కానీ నా మొహం చూస్తూ కరెంటు అన్నారే, దానికి వెళ్లాను." గేరు మార్చింది. "అబద్ధానికి మూడు వారాలు. అవి అయిపోయాయి. నొక్కినందుకు ఇంకో వారం అక్క దగ్గరుంటాను. వచ్చే శుక్రవారం వస్తాను."

"సరే," అన్నాను. అంతకంటే తక్కువ శిక్ష నాకూ న్యాయం అనిపించలేదు. ఇంకో స్టాపు పోయింది. ఒక ముసలాయన దిగాడు, ఇద్దరు ఎక్కారు. ఉండబట్టలేక అడిగేశాను. "ఒక్క మాట చెప్పు. జెర్రికి కూడా గదిచ్చావు. నన్నెందుకు పెట్టలేదు?"

ఆవిడ అద్దంలోంచి నా వంక చూసింది. బస్సులోంచి నా వంక చూడటం మూడు వారాల తర్వాత ఇదే.

"వాళ్లంతా అద్దెకున్నవాళ్లండీ. ఇవాళ కాకపోతే రేపు ఖాళీ చేసి పోయేవాళ్లు. అద్దెకున్నవాళ్లలో మొగుణ్ణి వెతుక్కుంటారా ఎవరైనా?"

 కళ్లు తుడుచుకుందామంటే రుమాలు మీద కూడా పురుగే ఉంది. లాండ్రీ స్టాపు వచ్చింది. ఆవిడ ఆపలేదు, నేను ఆపమనలేదు. వెనక నుంచి ఎవరో, "అమ్మా, మా స్టాపు పోయింది మొర్రో!" అని అరుస్తున్నారు.